బాలింత గదికి వేడి మిషను

ఛీ, ఆ పెట్టె అక్కడ పెట్టకయ్యా బాబూ! పొత్తిగుడ్డలు ఆరేసుకునే చోటది. ఇటు జరుపు. ఇటు... ఈ గోడవారకి. ఆఁ, అదీ. చెప్పులతో లోపలికి వచ్చేశావేమో అని హడలిపోయాను, విప్పే వచ్చావు. ఆమాత్రం ఇంగితం నీకన్నా ఉంది. మా ఇంట్లో వాళ్ళకే కరువైంది.

ఏంటలా చూస్తావు? తెలుగు రాదంటావు, అంతేగా? రాదని తెలిసే మాట్లాడుతున్నాను నాయనా. ఈ సింగపూర్‌లో, ఈ పుంగ్గోల్‌లో దిగిన దగ్గర్నుంచీ తెలుగొచ్చిన వాళ్ళెవరూ నా మాట చెవిన పెట్టడం లేదు. వాళ్ళకంటే నువ్వే నయం. నీ పని నువ్వు చేసుకో, నా ఏడుపు నేనేడుస్తాను.

నీ పేరు లిమ్ అని చెప్పాడు మా అల్లుడు. "అత్తయ్యా, మిస్టర్ లిమ్ వచ్చి మిషన్ బిగిస్తారు, మీరు దగ్గరుండి చూడండి" అని నాకొప్పజెప్పి, పసిగుడ్డుని పొట్టకి కట్టుకుని పాలీక్లినిక్కుకి పోయాడు. పాపకి కళ్ళు ఇంకా పచ్చగా ఉన్నాయి, రక్తం పరీక్ష చేయించాలిట. పోయాడు అంటున్నాను చూశావా? అల్లుణ్ణి అలా అనకూడదు. ఎదురుగా ఉంటే శశికాంత్ గారూ, శశికాంత్ గారూ అని నోరు నొప్పెట్టేలా పిలుస్తాను. నీ దగ్గర నాకేం మొహమాటం?

ఏంటీ? వై హీటర్? ఇక్కడ హాటా?

నవ్వు నాయనా, నవ్వు. నువ్వొక్కడివే ఏం నవ్వలేదు. పెట్టె మోసుకొచ్చిన వాళ్ళూ నవ్వారు. ఏసీల కొట్టువాడు ఫోన్లోనే నవ్వాట్ట, సింగపూర్‌లో వేడి చేసే ఏసీ ఎవరడుగుతారండీ అని. చలిదేశాలకి పోయే సరుకట, ఎక్కణ్ణుంచో తెప్పించాడు. ఇటు తిప్పితే చల్లగాలి, అటు తిప్పితే వేడిగాలి. హీటు పంపుట దాని పేరు.

మా అల్లుడు నన్ను కూచోబెట్టి పాఠం కూడా చెప్పాడు. "ఇది కరెంటుతో వేడి పుట్టించదు అత్తయ్యా. ఎర్రగా కాలే రాడ్లుండవు, పాపకి ప్రమాదం లేదు. బయట గాల్లో ఉన్న వేడిని లాగి లోపలికి తోస్తుంది." అన్నీ విని నేనన్నానూ, "బయట వేడి లోపలికి రావాలంటే కిటికీ తెరిస్తే చాలదా బాబూ?" అని. అప్పుడు చూడాలి మొహం! బ్యాంకు కంప్యూటర్లన్నీ ఈయన చేతిమీదే నడుస్తాయిట. కిటికీ సంగతి తట్టలేదు.

కిటికీలు మూయించింది నేనేలే. అది వేరే సంగతి. బాలింతకి గాలి సోకకూడదు.

మీకూ ఉంటుందిట కదా ఇది, కన్‌ఫైన్‌మెంట్ అంటారుట? ఆఁ, చూశావా, ఆ మాట అనగానే తలూపావు. నీ భార్యకీ చేశారా? అల్లం తినిపించారా? జింజర్, జింజర్... ఆఁ! తలస్నానం చేయనివ్వలేదా? మేం చేయిస్తాం నాయనా, వావిలాకు వేసి కాచిన నీళ్ళు ఒంటిమీద బొబ్బలెక్కేంత వేడిగా పోస్తాం. పోసి, తల తుడిచి, చెవుల్లో దూది పెట్టి, తలకి గుడ్డ చుట్టి, మంచం కింద కుంపటి పెట్టి పొగేస్తాం. రామచంద్రపురంలో ఎవరింట్లో పురుడొచ్చినా హైమావతి గారొచ్చి బాలింతకి కాయం మందు కలపాలి, హైమావతి గారొచ్చి నీళ్ళు పోయాలి. అదీ నా పేరు. ఇక్కడికొచ్చేసరికి నేనెవరు? అలారం మోగించిన ముసలమ్మని.

వద్దులే, అడక్కు. చెబుతా, చెబుతా. ముందు కాఫీ తాగు. పాలు, చక్కెర వేశాను. మీ హోటలు కాఫీ కంటే బావుంటుంది, తాగు. మీ కాఫీ ఒకసారి తాగాను, వాక్! మాడిన వాసన.

అసలు ఆసుపత్రిలోనే పడింది మొదటి దెబ్బ. బిడ్డ బయటపడి తల్లి ఒంటిమీద చెమటింకా ఆరనేలేదు. నర్సమ్మ గ్లాసు పట్టుకొచ్చింది. చూద్దును కదా, మైలోట, చాక్లెట్ పాలలాంటిది. అందులో ఐసుముక్కలు! గలగలలాడుతున్నాయి. పచ్చి బాలింతకి ఐసునీళ్ళు! నా ఒళ్ళు కంపరమెత్తింది. నేను కప్పిన శాలువా తీసి మడతపెట్టి నా ఒళ్ళోనే పెట్టింది ఆ మహాతల్లి, నవ్వుతూ. గది ఫ్రిజ్జులా ఉంది. మా నిఖిల, అదే మా అమ్మాయి, "చల్లగా హాయిగా ఉందమ్మా" అంటూ ఆ మైలో గటగటా తాగేసింది. నోటి దగ్గరి గ్లాసు లాక్కోబోతే నన్ను కసిరింది.

అందుకే చెబుతున్నాను, చలి పట్టేసింది దానికి. లోపల, ఎముకల్లో. అందుకే అలా అయింది.

ఎలా అయిందంటావా?

నువ్వడగలేదులే. నేనే అనుకున్నాను అడిగావని.

ఇంటికొచ్చాక కుంపటి పెడదామంటే అల్లుడు ఒప్పుకోడు. ఫ్లాట్లో నిప్పేంటి అత్తయ్యా అంటాడు. నేను ఊరుకుంటానా? టెక్కా మార్కెట్టుకెళ్ళి బొగ్గులు కొనుక్కొచ్చాను. కోడి కాల్చుకునే బొగ్గులుట, అవే పవిత్రం అనుకోవాలి ఇక్కడ. ఇనప మూకుట్లో రాజేసి, వాము, సాంబ్రాణి వేశాను. ఎంత చక్కగా లేచిందనుకున్నావు పొగ! మా ఇంటి వాసన వచ్చింది ఆ ఒక్క క్షణం.

అంతే, పైన గోడకున్న ఆ తెల్లటి డబ్బా కూత పెట్టింది. అబ్బబ్బ, చెవులు చిల్లులు పడ్డాయి! వరండాలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఎవరో నీళ్ళ బక్కెట్టుతో పరిగెత్తుకొచ్చారు. నా బొగ్గుల మీద గుమ్మరించారు నాయనా, నా సాంబ్రాణి మీద! గచ్చంతా నల్లటి బురద. వాళ్ళ చెప్పులు, వాళ్ళ ఫోన్లు, వాళ్ళ "ఆంటీ నో, ఆంటీ కెనాట్"! రోత పుట్టింది నాకు. నా చేత్తో నా కూతురికి పొగేసుకునే దిక్కు లేదా?

ఆ గోలలో పాప కెవ్వుమంది. గుక్కపట్టి ఏడుస్తోంది. నా చేతులనిండా మసి. "నిఖిలా, ఎత్తుకోవే, పిల్లనెత్తుకో" అని అరుస్తున్నాను. అదేమో మంచం మీద కూచుని గోడకేసి చూస్తోంది. పాప దాని మోచేతి పక్కనే ఉంది. చెయ్యి చాస్తే అందుతుంది. చాచలేదు.

చివరికి అల్లుడే వచ్చి ఎత్తుకున్నాడు.

అదిగో, ఆ తర్వాతే ఆయన ఈ మిషను వెతకడం మొదలెట్టాడు. నేను చెప్పాను కదా మరి, చలి అని. నిఖిలకి చలి వదిలేదాకా పాపనెత్తుకోదు అని గట్టిగా చెప్పాను. పాపం, కాదనలేదు. నాకు ఆయన్ని చూస్తే ఒళ్ళు మండుతుంది కానీ, చెడ్డవాడని అనను. నా కూతురు తింటే చాలని దాని కంచం ముందు కాపలా కూచుంటాడు. మగాడు అలా కూచుంటే నాకు చూడబుద్ధి కాదు. ఎందుకో చూడబుద్ధి కాదు.

ఏంటి, ప్లగ్గా? అక్కడ, తలుపు వెనకాల. ఆఁ, వాడుకో.

తిండి అంటే గుర్తొచ్చింది. మీ చైనా వాళ్ళేలే, ఎదురు ఫ్లాటు ముసలావిడ, నవ్వుకుంటూ ఓ మట్టికుండ తెచ్చింది. మూత తీస్తే నల్లటి పులుసు. గుప్పున అల్లం. ఆహా, అల్లం కదా, ఈవిడకైనా తెలుసు అని సంబరపడ్డాను. గరిటె పెట్టి తిప్పాను. కిందనించి తేలాయి నాయనా... గిట్టలు! పంది గిట్టలు! బాత్రూములోకి పరుగెత్తాను. ఆ గరిటె చెత్తబుట్టలో పారేశాను, కడిగి వాడుకోవడానికి మనసొప్పలేదు. ఇప్పటికీ వంటింట్లోకి వెళితే ఆ వెనిగరు కంపే.

నవ్వకు. ఇంకా వినలేదు నువ్వు.

నేను పొద్దున్నే లేచి కరివేపాకు కారం, లేత బీరకాయ, ఇంత నెయ్యి వేసి కలిపి పెడితే ముద్ద మింగుడు పడదు దానికి. అటువంటిది, ఆ ముసలావిడ పక్కన కూచోగానే, ఆ కుండలోంచి ఉడికిన గుడ్డు తీసుకుని తింది! నా కళ్ళముందే! "గుడ్డే కదమ్మా" అంది. ఆవిడ దీని చెయ్యి పట్టుకుని ఇంగ్లీషులో ఏదో రెండు ముక్కలు అడిగింది. ఇది ఏడ్చింది. వెక్కి వెక్కి, ముక్కు చీదుకుంటూ ఏడ్చింది. నేను తలుపు దగ్గర నిలబడి చూశాను, చేతిలో కంచం పట్టుకుని.

నా దగ్గర ఏడవదు నాయనా. నా దగ్గర గోడ చూస్తుంది.

ఆ తర్వాత ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. వాళ్ళు అందరికీ చేస్తారుట. నర్సు ఏవేవో ప్రశ్నలడిగింది, ఇది అన్నిటికీ నిజాలు చెప్పేసింది! బిడ్డని చూస్తే ఏమనిపిస్తుంది అంటే ఏమీ అనిపించడం లేదంది. ఎవరైనా చెబుతారా అలాంటి మాట పైవాళ్ళకి? ఇంకేముంది, ఒక డాక్టరు దగ్గరికి తీసుకురమ్మన్నారు. మనసు డాక్టరట. ఇవాళ మధ్యాహ్నం మూడింటికి.

నేను వద్దన్నాను.

ఎందుకు వెళ్ళనిస్తాను? మా ఇంటా వంటా లేదు అలాంటిది. రేపు వియ్యాలవారికి తెలిస్తే? మా బంధువుల్లో ఏమని పాకుతుంది? పిచ్చి అంటారు నాయనా, ఒక్క మాటలో పిచ్చి అని తేల్చేస్తారు. చలి పట్టిందంటే ఎవరూ ఏమీ అనరు. చలికి మందుంది. కాయం ఉంది, కుంపటి ఉంది, వేణ్ణీళ్ళున్నాయి. అన్నీ నాకు వచ్చినవే. అల్లుడితో అదే చెప్పాను, మిషను పెట్టించు, గది వెచ్చబడనీ, నాలుగు రోజులు చూద్దాం, అప్పటికీ తగ్గకపోతే నీ ఇష్టం అని. సరే అత్తయ్యా అన్నాడు. మొహం వేలాడేసుకుని సరే అన్నాడు.

అందుకని వచ్చావు నువ్వు.

ఏంటి, ఎక్కడికి? ఓ, గోడకా? ఈ గోడకి బెజ్జం పెడతావా? పెట్టాలిట, చెప్పాడు అల్లుడు. ఈ చిన్నగదినే బాలింత గది చేద్దామన్నాను, దీనికి ఏసీ ఎప్పుడూ లేదు. గొట్టం పక్కగదిలోంచి పోయి బయట మిషనుకి తగలాలిట. కానీ పక్కగదిలో నిఖిల పడుకుంది నాయనా. ఆగు, ఒక్క నిమిషం ఆగు, లేపి హాల్లో కూచోబెడతాను.

...

రాదుట. పలకనైనా పలకలేదు. దుమ్ము పడుతుందే, చెవులు పగిలిపోతాయే అని తలుపు దగ్గర నిలబడి చెప్పాను. దుప్పటి ముసుగు తన్ని అటు తిరిగి పడుకుంది. కాళ్ళవైపు గోడేలే, మంచానికి దూరంగానే ఉంటుంది బెజ్జం. పాత చీర అడ్డంగా కట్టి వచ్చాను. ఊఁ, కానియ్యి. ఏం చేస్తాం?

అమ్మో! అమ్మో, ఏం మోతరా నాయనా! ఎముకలు కదిలిపోతున్నాయి. ఇంకెంతసేపు? ఏమంటున్నావు, వినపడటం లేదు! కొట్టు, కొట్టు, కానియ్యి తొందరగా!

...

అయిందా? హమ్మయ్య. ఛీ, చూడు ఈ దుమ్ము. కాఫీలోనూ పడింది. నోట్లోనూ పడింది. సున్నం తిన్నట్టుంది.

ఆగు. ఉష్... చప్పుడు చెయ్యకు. విననీ.

ఏమీ వినపడదేం?

ఇంత మోత పెట్టావు కదా. కింద అంతస్తులో వాళ్ళు కూడా తిట్టుకుంటూ ఉంటారు. సొంత గోడ బద్దలవుతుంటే ఏ మనిషైనా లేచి, "ఏంటిది, ఆపండి" అని అరుస్తుందా లేదా? తిడుతుందా లేదా? చిన్నప్పుడు మిక్సీ వేస్తే చాలు, చెవులు మూసుకుని ఇల్లెగరగొట్టేది. ఇప్పుడు తిట్టదేం? నన్ను తిట్టొచ్చు కదా! వచ్చి "నీ మొహం మండా, అమ్మా" అనొచ్చు కదా!

తిట్టలేదు. కనీసం ఎందుకని కూడా అడగలేదు.

నువ్వు ఆ గొట్టానికి చుట్టుకుంటూ ఉండు. నేను కాసేపు ఇక్కడ కూచుంటాను, ఈ పెట్టె మీద. 

చెమట చూడు నాకు. రవిక తడిసిపోయింది. ఫ్యాను లేదు, కిటికీ లేదు. దాని మెడనిండా చెమటకాయలు. పాప వీపంతా ఎర్రటి పొక్కులు. నేను విసనకర్రతో విసురుకుంటూ వాళ్ళకి చలి అంటున్నాను. ఎవరికి చెబుతున్నాను ఈ మాట? నువ్వు ఇందాక ఎందుకు నవ్వావో నాకు తెలీదనుకున్నావా?

అసహ్యంగా ఉంది నాయనా. ఆ మైలో కాదు, ఆ గిట్టలు కాదు. నన్ను చూసుకుంటే నాకే అసహ్యంగా ఉంది.

నిన్న అడిగింది అది. పాపకి పాలు పట్టమని ఇచ్చాను. పట్టింది. పడుతూ పడుతూ తలెత్తి, "అమ్మా, నేను పుట్టినప్పుడు నీక్కూడా ఇలాగే అనిపించిందా?" అంది. వచ్చాక అది నన్నడిగిన మొదటి మాట అదే నాయనా. కాయం గురించి కాదు, కూర గురించి కాదు. నా మొహంలోకి చూసి అడిగింది.

నేనేమన్నానో తెలుసా?

"ఛ, అదేం మాట! కన్నతల్లికి అలా ఎందుకుంటుంది?" అన్నాను.

దాని మొహం... ఎలా చెప్పను నీకు. దీపం ఆర్పేసినట్టు అయిపోయింది. మళ్ళీ గోడవైపు తిరిగింది. నేను దాని చెవుల్లో దూది సర్దాను. 

అబద్ధం చెప్పాను నాయనా.

నిఖిల పుట్టినప్పుడు మా అమ్మ దాన్ని తెచ్చి నా పక్కలో పడుకోబెట్టింది. చూశాను. ఎవరి పిల్లో అనిపించింది. పక్కింటివాళ్ళు ఎక్కడికో వెళుతూ చూడమని వదిలి వెళితే ఎలా ఉంటుంది? అలా. ఎప్పుడొచ్చి తీసుకుపోతారా అని ఉండేది. అది ఏడిస్తే నాకు పాలు పొంగేవి, మనసు మాత్రం కదిలేది కాదు. కుంపటి పొగలో నేనేడిస్తే, పొగకి కళ్ళు మండుతున్నాయి కాబోలు అనుకునేవారు అందరూ. నేను కూడా అదే అనేదాన్ని. ఎంత వీలుగా ఉండేదో ఆ పొగ!

ఎప్పటికి తగ్గిందో నాకే తెలీదు. ఎప్పుడో ఒకనాడు అది నా వేలు పట్టుకుంటే, ఓహో, ఇది నాది అనిపించింది. వేడికి తగ్గలేదు. కాయానికి తగ్గలేదు. ఊరికే, ఒంటరిగా, చచ్చీ చెడీ తగ్గింది. ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకే చెప్పలేదు. ఇదిగో, మన మాట రాని నీకు చెబుతున్నాను, చూడు నా బతుకు!

ఏంటి? ఏంటి అలా వేలు చూపిస్తావు? ఏముందక్కడ? బెజ్జమే కదా...

అయ్యో. చీర తీసేసి ఉంది.

నిఖిలా? ఏమే, లేచావా? అక్కడ... అక్కడే ఉన్నావా నువ్వు? ఎంతసేపైంది?

లేదు లేదు, ఈయనతో ఊరికే ఏదో... ఎవరితోనూ కాదు.

...

అవునే. నా గురించే.

అవును. నీ గురించే. నిన్ను చూస్తేనే అలా అనిపించింది.

ఏడవకు. లేదు, ఏడువు. ఏడువు తల్లీ, నేనేం అననులే. నిన్న నువ్వు అడిగినప్పుడు చెప్పాల్సింది. నోరు రాలేదు. సిగ్గేసింది. నువ్వు నన్ను చీదరించుకుంటావనుకున్నాను.

ఏంటి? సరిగా వినపడటం లేదు, ఆ బెజ్జం దగ్గరికి వచ్చి చెప్పు. ఆఁ... మూడింటి డాక్టరుది మీ ఆయన ఇంకా క్యాన్సిల్ చేయలేదా? నాకు సరే అన్నాడే! నన్ను చూసి భయపడి సరే అన్నాడా, లోపల మాత్రం ఉంచే ఉంచాడా? దొంగ! మంచి పని చేశాడు. ఫోన్ చెయ్యి ఆయనకి, అటునుంచి అటే రమ్మను. నేనూ వస్తాను. వస్తానే! ఎందుకేంటి? ఆ డాక్టరుకి నేనూ చెప్పాల్సింది చాలా ఉంది.

ముందు ఆ చెవుల్లో దూది తీసి పారేయ్. కిటికీ తెరువు. తలుపు తీయి, వస్తున్నాను.

ఊఁ? ఏంటి నాయనా? ఫిక్సా, నో ఫిక్సా అనా?

నో ఫిక్స్. పెట్టె మూసేయ్. మా అమ్మాయికి పట్టింది చలి కాదు.